సర్వర్‌కు కుట్టిన మఖమల్ ముసుగు

ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఏ సందులో చూసినా ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడేది. మాటకారులంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లారు. నలుగురిలో గొంతు పెగలని నేను కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాను, కంప్యూటర్ ఎదురు ప్రశ్నలు వేయదు కదా అని. (దాని యజమానులు వేస్తారని తర్వాత తెలిసింది.) రాంగోపాల్‌పేటలో మా ఆఫీసు. మా యజమానిని వెనకాల ‘రీస్టార్ట్ సార్’ అనేవాళ్లం. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ముందు ఆ మందే రాసేవారు.

నాకు అప్పగించిన చోట్లలో మెట్టుగూడలోని ఒక బడి ఉంది. పిల్లల మార్కులన్నీ అక్కడి సర్వర్‌లోనే. ఎండలు ముదిరాక అది తరచూ దానంతటదే ఆగిపోయేది. నేను వెళ్లేసరికి మాత్రం బుద్ధిమంతురాలిలా పనిచేసేది. దుమ్ము ఊదేదాన్ని, వైరస్ వెతికేదాన్ని, పేరుకున్న పనికిరాని ఫైళ్లు తుడిచేదాన్ని, డిస్కును సర్దుకోమని పెట్టి, తెర మీద రంగు గళ్లు కదులుతుంటే బ్యాగులోంచి నవల తీసేదాన్ని. అంతసేపూ ఏ లోపమూ కనబడేది కాదు. “నీ చేతిల ఏందో ఉన్నది బిడ్డా, నువ్వు రాంగనే మంచిగైతది” అని అటెండర్ తాత మురిసిపోయేవాడు. నేనూ డైరీలో ‘నాది మంచి హస్తవాసి’ అని రాసుకున్నాను. ఆఫీసు చేరేలోగా బడి నుంచి మళ్లీ ఫోను.

చివరికి రీస్టార్ట్ సార్‌కే విసుగొచ్చింది. “ఇంకొక్కసారి ఆ బడికెల్లి ఫోనొచ్చిందనుకో, నువ్వు రిసెప్షన్ల కూసొని ఫోన్లు ఎత్తుడే. సమజైందా?” రోజంతా ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడటం! ఉద్యోగం పీకేస్తానన్నా అంత భయపడేదాన్ని కాను.

మర్నాడు బడిలో పని ముగించి సామాను సర్దుకున్నాను. నవలలో కథానాయిక సరిగ్గా రైలెక్కబోతోంది. ఎక్కేదాకా ఉండి వెళ్దామని బీరువా పక్కన స్టూలు మీద కూర్చున్నాను. తాత వచ్చాడు. నన్ను చూడలేదు (నన్ను ఎవరూ చూడరు). బీరువాలోంచి నీలం మఖమల్ ముసుగు తీసి, నడుస్తున్న సర్వర్ మీద నిండుగా కప్పి, జరీ అంచు కిందిదాకా లాగి, వెనకాల వేడిగాలి బయటికొచ్చే చోట రిబ్బనుతో ముడి కూడా వేశాడు.

“తాతా! ఏంటిది?”

“అరె, నువ్వు పోలేదా! దుమ్ము పడ్తదని పెద్ద మేడమ్ కుట్టింది. నువ్వొచ్చే ముంగట తీస్త, నువ్వు పోంగనే కప్త. జెర పైలంగ సూస్కోమన్నది.”

పెద్ద మేడమ్ అంటే హెడ్‌మిస్ట్రెస్. మాటలు వినబడి ఆవిడే లోపలికొచ్చారు. “ఎలా ఉందమ్మా? క్రిస్మస్ సెలవులన్నీ దీనికే పోయాయి.”

“చాలా... చాలా బాగుందండి.” అక్కడితో సరిపెట్టి బయటపడదామనుకున్నాను. చెవిలో మాత్రం రిసెప్షన్ ఫోను గణగణ మోగుతోంది. కళ్లు మూసుకుని అనేశాను: “కానీ మేడమ్, ఈ ఎండల్లో మనకు దుప్పటి ముసుగేసి పని చేయమంటే చేయగలమాండీ? పాపం, దానికీ ఉక్కపోసి సొమ్మసిల్లుతోందండి.”

ఆవిడ ముసుగులోకి చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీశారు. “అయ్యో నా తల్లీ, కాలిపోతోందే! ఇన్నాళ్లూ దీనికి ఊపిరాడకుండా చేసింది నేనేనా!” పకపకా నవ్వి, ముసుగు ఊడదీసి నా చేతిలో పెట్టారు. “ఇది నువ్వే పట్టుకెళ్లమ్మా. కళ్లెదుట ఉంటే నాకు మళ్లీ కప్పబుద్ధవుతుంది.”

సర్వర్ మళ్లీ ఆగలేదు. కానీ ఆ సాయంత్రం బడి నుంచి ఫోను వచ్చింది, మీ అమ్మాయి ఎంత చక్కగా విడమరిచి చెప్పిందో అని మెచ్చుకోవడానికి. రీస్టార్ట్ సార్ ఫోను పెట్టేసి నన్ను కొత్తగా చూశారు. “గింత మంచిగ మాట్లాడ్తవని చెప్పనే లేదు! రేపట్నుంచి రిసెప్షన్ నీదే.”

అప్పుడు ఎత్తిన ఫోను ఇప్పటికీ దించలేదు. ఎవరు ఏ మిషను ఆగిందన్నా ముందు “దాని మీద ఏమైనా కప్పారాండీ?” అని అడుగుతాను. నీలం ముసుగు మా ఇంట్లో పాత డైరీల మీద ఉంది; వాటికి ఉక్కపోయదు. మొన్న దుమ్ము దులుపుతూ ఒకటి తెరిస్తే ‘నాది మంచి హస్తవాసి’ అని కనబడింది. కొట్టేద్దామని పెన్ను తీశాను గానీ, పాపం, ఆ అమ్మాయి ఎంత మురిసిపోతూ రాసుకుందో అనిపించి, మళ్లీ ముసుగు కప్పేశాను.