తెల్లమద్ది పాలు

గుండెకి మంచిదని చెప్పే తెల్లమద్ది బెరడు చెక్కని ఎండలో పెడితే గుణం పోతుందని నూకాలమ్మ నమ్మకం. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరు వెనక నీడన ఆరబెట్టేది. రోట్లో దంచి పాత చీరగుడ్డలో జల్లించేది. చెంచాడు పొడి, గ్లాసు పాలు, అన్నే నీళ్లు. సన్నసెగ మీద నీళ్లన్నీ ఇగిరి పాలు మాత్రం మిగిలేదాకా పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. బజార్లో చెక్క అమ్మే సంతాలీ గిరిజన ముసలామె పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది.

భర్త అప్పలకొండ వర్క్‌షాపులో ఫిట్టరు. రెండేళ్ల కిందట రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ ఎక్కువని తేలితే రైల్వే ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. ఆ క్వార్టర్ల లైన్లలో ఊరికే వచ్చే మందుకి విలువ తక్కువ. బీరువా మీద దుమ్ముపట్టి పడుంటుంది.

“ఆ మాత్రలు అవతల పారీ. నాను లేనా? నాను సూసుకుంతాను,” అంది నూకాలమ్మ.

అతను తలూపాడు. రోజూ పొద్దున్నే పాలు తాగి, మీసం తుడుచుకుని సైకిలెక్కేవాడు. తర్వాతి పరీక్షలో కొలెస్ట్రాల్ దిగింది. ఆ సాయంత్రం నూకాలమ్మ లైనంతా రసగుల్లాలు పంచింది.

పక్క క్వార్టరు గౌరికీ అదే జబ్బు. “అన్నయ్యకి దిగినప్పుడు నాకెందుకు దిగదు వదినా?” అని తన మాత్రలు మానేసింది. నూకాలమ్మ ఆమెకీ దంచిపెట్టింది.

మొన్న వానల్లో గౌరి కూరల సంచితో వస్తూ పూరీ గేట్ రైలు పట్టాల దగ్గర గుండె పట్టుకుని కూలబడింది. ప్రాణం దక్కింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, అక్కడిచ్చిన మాత్రల పొట్లం మూలకి తోసేసి, “డాక్టరుకేటి తెలుసు? నీ పాలే నన్ను కాసినాయి. రేపట్నుంచి పొడి కాస్త ఎక్కువెయ్యి వదినా,” అంది.

ఆ రాత్రి భర్తకి అన్నం వడ్డిస్తూ నూకాలమ్మ అడిగింది.

“ఒకే రోలు, ఒకే సెక్క. నీకు దిగింది, దానికి గుండె మీదకొచ్చింది. నాను ఏటి తప్పు సేసినాను?”

అన్నం కలుపుతున్న అప్పలకొండ చెయ్యి ఆగింది. “తప్పు నీది కాదే.”

“మరి?”

“మాత్రలు నాను మాననేదు. వర్క్‌షాపు లాకర్లో పెట్టుకుని అక్కడే మింగినాను.”

“పాలు తాగుతూనే?”

“నువ్వంత కష్టపడి సేస్తే, నీ మనసు ఇరగ్గొట్టడం దేనికని...”

నూకాలమ్మ గరిటె గిన్నెలో పడేసింది. “గౌరి మాత్రలు మానేస్తానన్న రోజు నువ్వీ పీట మీదే కూకున్నావు. సెవులారా ఇన్నావు. టీ తాగుతూ నవ్వినావు కూడాను.”



ఆమెను కోసింది ఆ అబద్ధం ఒక్కటే కాదు. ఆ చెక్క కొంతైనా మేలు చేసిందేమో, అసలేం చెయ్యలేదేమో, ఇప్పుడు ఎలా తెలుస్తుంది? పనిచేసే మనిషికి తన పని ఫలితం చూసుకోవడం కన్నా కావలసిందేముంది? ఆ ఫలితాన్నే అతను రెండేళ్లు లాకర్లో దాచాడు.

“లే. సెయ్యి కడుక్కో. గౌరి దగ్గరికి పద.”

“ఇప్పుడా? దాని ముందు నా పరువు...”

“నా పరువు ముందే పోయింది. నడు.”

మర్నాడు లాకర్లో పెట్టుకోవడానికి తెచ్చుకున్న మాత్రల షీటు అతని చొక్కా జేబులోనే ఉంది. అతన్ని గౌరి మంచం పక్కన నిలబెట్టి నూకాలమ్మ అంది: “దానికి సెప్పు. సెప్పి, దాని ముందరే మింగు.”

అతను చెప్పాడు. మింగాడు. గౌరి ఇద్దరి మొహాలూ చూసింది. “వదినా, నువ్వు కూడా ఎరగవా?” అంది. “నాకూ ఇప్పుడే తెలిసింది,” అంది నూకాలమ్మ. గౌరి మూలనున్న పొట్లం అందుకుని, తనూ ఒక మాత్ర వేసుకుని నీళ్లు తాగింది.

తెల్లారింది. అప్పలకొండ వంటింటి గుమ్మంలో నిలబడి, రోలు బోర్లించి ఉండటం చూశాడు.

“నాకు పాలు కాయవేటే?”

“దేనికి?” అంది నూకాలమ్మ, తల తిప్పకుండా. “నన్ను నమ్మించడానికి తాగినావు. ఆ అవసరం తీరిపోనాది కదా.”