ఇంగ్లీషు పాటలకు రాజం బావ తీర్పు

మా బావ రాజం ఏ పాటనూ ఊరికె వినడు. విన్నంక తీర్పు చెప్పాలె, చెప్పకపోతె ఆయనకు తిన్నది అరగదు. అవి గూడ మన పాటలు కావు, ఇంగ్లీషు పాటలు. బావకొచ్చిన ఇంగ్లీషంత బొగ్గుబాయిల నేర్చిందే: షిఫ్టు, డ్యూటీ, బ్లాస్టింగు, సపోర్టు. ఆ ముక్కలతోటే ఎప్పటియో సీమదొరల గిటార్ల మోతను పరీక్ష చేస్తడు.

బావ గోదావరిఖని బాయిల సర్దారుగ చేసి రిటైరైండు. సర్దారు పనేందంటె, షిఫ్టు దిగంగనె అందరికన్న ముందు లోపలికి పోయి, కర్రతోటి పైకప్పును కొట్టి చప్పుడు వినాలె. గట్టిగ మోగితె సరే. బోలుగ మోగితె కింద సపోర్టు పెట్టెదాక ఒక్కన్ని గూడ పోనియ్యద్దు. డ్యూటీ అయితె అయిపోయింది గని ఆ చెవులు రిటైరు కాలే. అంగట్ల కుండ కొన్నా, పుచ్చకాయ కొన్నా కొట్టి చూసుడే. మా బిడ్డ పెండ్లిచూపులకు పోయినకాడ కుర్చీని గూడ కొట్టి చూసినంకనే కూసున్నడు. పిలగానోళ్లు మొఖాలు చూసుకున్నరు.

గిసొంటి మనిషికి ఇంగ్లీషు పాటలు జ్యోతినగర్ గ్రౌండుల అంటుకున్నయి. పొద్దుగాల నేనూ బావా నడువ పోయినం. బెంచి మీద ఒక సారు కండ్లు మూసుకొని తలకాయ జోరుగ ఊపుతుండు, చేతులు గాలిల కొడుతుండు. బావ దూరంకెళ్లి చూసి మూర్ఛ వచ్చిందనుకున్నడు. నా చేతులున్న స్కూటర్ తాళాల గుత్తి గుంజుకొని ఉరికిండు, సారు పిడికిట్ల పెట్టి గట్టిగ ఒత్తిపట్టిండు. సారు కండ్లు తెరిచి తాళాల దిక్కు చూసిండు, మా దిక్కు చూసిండు. తిడుతడనుకున్న. ఆయన పడీ పడీ నవ్వి, తన ఇయర్‌ఫోన్లు తీసి బావ చెవులల్ల పెట్టిండు. బావ పాట అయిపోయెదాక కదలకుంట నిలవడి విన్నడు. "డ్రమ్ములాయన మంచి పనోడు సారూ, గిటారాయనే ఓవర్‌టైం ఎక్కువ చేస్తుండు" అన్నడు.

ఆ సారు పేరు జయకృష్ణ. పవర్ ప్లాంటుల ఇంజనీరు, కోస్తా దిక్కు మనిషి. ఆయన క్వార్టర్ల సోఫాల కన్న రికార్డులే ఎక్కువ జాగ పట్టినయి. ఇగ రోజు సాయంత్రం అయిందంటె నేను బావను స్కూటర్ మీద ఎక్కించుకొని అక్కడ దించాలె. సారు రికార్డు పెడుతడు, ఆయన భార్య లలితాంబ కాఫీ ఇస్తది, బావ తీర్పు ఇస్తడు.

ఆ తీర్పులు వినాలె మీరు. ఒక పాట ఒడువకుంట సాగితె, "ఇది రెండో షిఫ్టుల దిగి మూడో షిఫ్టుల ఎక్కింది" అనేటోడు. ఒక్కడే డ్రమ్ములు దంచుతుంటె బ్లాస్టింగు అయితుంది, తతిమ్మోళ్లంత దూరం పోయి కూసున్నరన్నడు. ఇద్దరు ఆడోళ్లు గొంతు కలిపి పాడితె నాటువేసేటప్పటి పాట లెక్క ఉన్నదని మురిసిండు. నచ్చకపోతె ఒక్కటే మాట: బోలుగున్నది, సపోర్టు పెట్టాలె. అర్థం చెప్పవోతె వద్దనేటోడు. గొంతు వింటె తెల్వదా, మాటలతోటి పనేందని వాదన.

ఒక్క కాన్నే బావ కఠినం. రికార్డు మొదటి పాటకెళ్లి ఆఖరి పాట దాక వరుసగ వినాలె, నడుమ లేవద్దు, దాటెయ్యద్దు. బాయిల పైకప్పును ఒక్క జాగల కొట్టి సేఫని ఎట్ల చెప్తమని అడిగేటోడు. సారు తన మొదటి జీతంతోటి కొన్న రికార్డు పెట్టిననాడైతె బావ కాఫీ గూడ ముట్టలే. అండ్ల రెండో పక్కన ఒక గిటారు ముక్క ఉన్నది. అది వింటుంటె బావ కండ్లల్ల నీళ్లు జారినయి. కండువతోటి తుడుచుకొని, "పాసు" అన్నడు. సారు ఆ రోజంత ఆ ముచ్చటే చెప్పుకున్నడు.

మొన్న ఎండకాలంల సారుకు పక్షవాతం వచ్చింది. దవాఖానకెళ్లి ఇంటికొచ్చెవరకు కాలు జర మంచిగైంది, చెయ్యి గూడ కదులుతుంది గని మాట రాలే. మాట పూర్తిగ పోలేదని, రోజు మాట్లాడితెనే తిరుగుతదని, మాట్లాడకపోతె గట్లనే బిగుసుకపోతదని డాక్టరు చెప్పిండు. సారుకేమొ వంకరగ వచ్చే మాటకు సిగ్గు. లలితాంబ కాఫీయా మజ్జిగా అంటె తలకాయ ఊపుతడు. చూసిపోను వచ్చినోళ్లంత మెల్లగ, మంచిగ మాట్లాడి పోతుండ్రి. ఆయనకు నోరు తెరిచే అవుసరమే పడలే.

అప్పుడు మా బావ గా మొదటి జీతం రికార్డే తీసి పెట్టిండు. నేను సంబురపడ్డ. మొదటి పాట అయిపోంగనె, చెత్త అన్నడు. డ్రమ్ములాయనకు జీతం దండుగ అన్నడు. పాడేది ఆడామె అన్నడు, రికార్డు అట్ట మీద ఆ పాడేటాయనకేమొ గడ్డం నాభి దాక ఉన్నది. గిటారు ముక్క వచ్చినంక, తలుపు కిర్రుమంటుంది నూనె పొయ్యి చెల్లె అని లలితాంబకు చెప్పిండు. సారు మొఖం కందగడ్డ లెక్కైంది. నాకు భూమిల చొచ్చుక పోవాలనిపించింది.

లలితాంబ నన్ను వంటింట్లకు పిలిచింది.

"కిషన్ గారూ, ఏమీ అనుకోకండి. రేపట్నించి అన్నయ్యగారిని తీసుకురావద్దు. మావారికి ఉన్నదల్లా ఆ పాటలే. వాటిని కూడా ఇలా అంటే తట్టుకోలేరండీ."

సరేనన్న. తెల్లారి స్కూటర్ స్టార్టయితలేదని బావకు అబద్ధం చెప్పిన. ఆయన ఆటో పట్టుకొని పోయిండు. పనికిమాలిన ముసలోడని తిట్టుకుంట నేను ఎనుకనే ఇంకో ఆటోల ఉరికిన.

నేను పోయెవరకు గా రికార్డే తిరుగుతుంది. మొదటి పక్క కాదు, రెండో పక్క. బావ పాట నడుమల సూది లేపి అవతలి పాట మీద పెట్టిండు. దాన్నీ సగం విని లేపిండు. దాటెయ్యద్దని మాతోని కొట్లాడిన మనిషి గీయననేనా అనుకున్న. లలితాంబ గడపల నిలవడి, ఇక చాలండీ అన్నయ్యగారూ అంటుంది. బావ వినవడనట్టె మూడోసారి సూది మీద చెయ్యేసిండు.

"త... తప్పు" అన్నది ఒక గొంతు.

అందరం సారు దిక్కు తిరిగినం. ఆయన కుర్చీల ముందుకు వంగిండు, పెదిమ ఒక దిక్కు గుంజుతుంది.

"ఏంది సారూ, వినవడలే" అన్నడు బావ, సూది ఇడువకుంట.

"అ... అటు పక్క... ముందు. నీకు... చెవులు... లేవు... రాజం!"

ఎన్నడూ గారు అనకుంట పిలువని మనిషి. లలితాంబ గడపల్నే కూలవడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడుస్తుందో నవ్వుతుందో తెల్వకుంట అయింది. బావ ఏం కానట్టు రికార్డు తిప్పి, మొదటి పాట పెట్టిండు.

వచ్చేటప్పుడు ఆటోల అడిగిన, గింత నాటకం ఎందుకాడినవు బావా అని. బాయిల ఒకసారి కప్పు కూలి, తన జతగాడు సదయ్య అవతల చిక్కిండట. అందరు అన్నా అన్నా అని ఏడ్చుకుంట పిలిస్తె సప్పుడు లేదట. బావకు కోపమొచ్చి, నీకు పని రాదురా, తట్ట మోసెతందుకు గూడ పనికిరావని తిట్టిండట. అవతలికెళ్లి పెద్ద బూతు వినవడ్డది. ఆ బూతు పట్టుకునే తవ్వి సదయ్యను బయటికి తీసిండ్రు.

"దుఃఖంతోటి పిలిస్తె మనిషి ఇంకింత లోపలికి పోతడు బామ్మర్దీ. పౌరుషం వస్తె బయటికొస్తడు" అన్నడు బావ. ఆటోకు పైసలు నేనే ఇచ్చిన.

ఇప్పుడు నా స్కూటర్ మంచిగనే స్టార్టయితుంది. సారు మాట బాగ తిరిగింది, కొన్ని మాటలు మాత్రం ఇంక మడత పడుతున్నయి. మొన్న మళ్ల అదే రికార్డు పెట్టిండ్రు. గిటారు ముక్క రాంగనె బావ కిటికీ దిక్కు తిరిగి, కండువతోటి మొఖం తుడుచుకున్నడు. సారు ఆయన ఈపునే చూసుకుంట నాకు కన్నుగీటిండు.

పాట అయిపోయినంక, ఎలా ఉంది రాజం అని అడిగిండు సారు.

"చెత్త" అన్నడు బావ.

సారు అందుకున్నడు. బావ చెవులను, బావకు సర్దారు నౌకరీ ఇచ్చినోళ్లను, బావను ఇంటికి తెచ్చిన నన్ను వరుసపెట్టి దులిపి, ఆఖరికి జర ఆయాసమొచ్చి ఆగిండు. లలితాంబ మంచినీళ్ల గ్లాసు పట్టుకొని నవ్వుతుంది. ఇగనన్న ఆ పాటను మెచ్చుకోరాదు బావా అని నేను చెవుల గొణిగిన.

బావ సారు దిక్కు పరీక్షగ చూసిండు.

"ఇంక గుక్క తిప్పుకుంటుండు. రేపు గూడ చెత్తనే."