పడవెక్కే కాలు

కోవిడ్ తగ్గిన తర్వాత వచ్చిన రెండో డిసెంబరు అది. నాంపల్లిలో ఒక ట్రస్టు నడిపే కృత్రిమ అవయవాల కేంద్రంలో నేను సీనియర్ ప్రాస్థెటిస్టును. రిటైర్మెంటు దగ్గరపడింది. ప్రాస్థెటిస్టు అంటే చేయో కాలో పోగొట్టుకున్నవాళ్లకు కొలత తీసి, కొత్తది తయారుచేసి, అది ఒంటికి అలవాటయ్యేదాకా వెంట ఉండే మనిషి. మా కేంద్రంలో డైరెక్టరు తర్వాత నేను, నా కింద ఇద్దరు టెక్నీషియన్లు. ప్లాస్టర్ పొడి, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, అసెంబ్లీ నడిచే రోజుల్లో బయట పోలీసు విజిళ్లు. నా ఉద్యోగమంతా వీటి మధ్యే గడిచింది.

ఆ నెల మొదట్లో వసుంధర గారు వచ్చారు. కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. వాళ్లది కాకినాడ వైపు కుటుంబం, తాతల కాలంలోనే హైదరాబాదు వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఆ వేసవిలో స్కూటర్ మీద గౌలిగూడ వైపు వెళ్తుంటే లారీ తగిలింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఆమెకు కాలు చేసింది నేనే. వానాకాలం అయ్యేసరికి చేతికర్ర లేకుండా మెట్రో దిగి మా కేంద్రానికి నడిచొచ్చేవారు. ఆమె కేసు ముగిసిందనే అనుకున్నాను.

"సార్, ఈ కాలుతో పడవెక్కొచ్చా?" అని అడిగారు.

హుస్సేన్‌సాగర్ పడవల గురించి అనుకుని, నిక్షేపంగా ఎక్కండమ్మా, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది అన్నాను. ఆమె నవ్వారు. పక్కనే ఉన్న భర్త రమణమూర్తి గారు మాత్రం నవ్వలేదు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, నెమ్మదైన మనిషి. విషయం ఆయనే చెప్పారు. వాళ్లకు కాకినాడలో ఒక చిన్న తెరచాప పడవ ఉంది. పేరు గోరింక. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ నేవీ విభాగంలో ఆమె తెరచాప నడపడం నేర్చుకున్నారట. ఏటా క్రిస్మస్ సెలవులకు ఇద్దరూ వెళ్లి కొత్త సంవత్సరం దాకా ఆ పడవలోనే వండుకుని, అందులోనే పడుకునేవారు. ఇప్పుడు ఒకాయన దాన్ని కొంటానని అడుగుతున్నాడు.

"ఈసారి తను ఎక్కలేకపోతే ఇచ్చేద్దామనుకుంటున్నాం. మీరు పర్లేదంటే పంపిస్తాను," అన్నారు రమణమూర్తి గారు.

"నన్ను పంపించడం ఏంటండీ? పడవ నడిపేది నేను. మీరు కడుపులో తిప్పుతోందని లోపల పడుకునేవారు," అన్నారు ఆమె. ఆయన కాదనలేదు.

పర్లేదని నేను అనలేకపోయాను, వద్దనీ అనలేకపోయాను. మేమిచ్చే మామూలు కాలు తడవకూడదు. అందులో ఉక్కు భాగాలుంటాయి, ఉప్పునీటికి తుప్పు పడతాయి. అందుకని నీళ్లకు వేరే కాలు చేయాలని నిర్ణయించాను. మొత్తం ప్లాస్టిక్కు, రబ్బరు. లోపల చేరిన నీరు కారిపోవడానికి కింద రంధ్రాలు. మిగిలిన కాలు దూర్చుకునే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటాం. మా పనిలో సగం విద్య ఆ సాకెట్ అంచులోనే ఉంటుంది. ఎత్తు తగ్గితే పట్టు ఉండదు, పెరిగితే చర్మం ఒరుసుకుపోతుంది. పాదం అడుగుకు రకరకాల రబ్బరు సోళ్లు ఆబిడ్స్‌లో చెప్పుల దుకాణాలన్నీ తిరిగి తెచ్చాను. వర్క్‌షాపులో ఒక చెక్కపలకను ఏటవాలుగా నిలిపి, సబ్బునీళ్లు పోసి, వసుంధర గారికి నడుముకు బెల్టు కట్టి నడిపించాం. మూడో రకం సోలు జారలేదు.

ఇక మిగిలింది పడవ మీద చూడటం. కాలు ఇచ్చాక మనిషి ఇంటికి వెళ్లి, అక్కడ ఎలా మసలుతున్నారో చూడటం మా పద్ధతి. ఈమె ఇల్లు ఆ వారం రోజులూ నీళ్ల మీద ఉంటుంది కాబట్టి అక్కడికే వెళ్తానని డైరెక్టరుగారిని అడిగాను. సెలవుల్లో వెళ్తే తనకు అభ్యంతరం లేదన్నారు. అభ్యంతరం మా ఇంట్లో వచ్చింది.

మాది మెదక్. హైదరాబాదులో ఉండేది నాంపల్లి దగ్గరే, చాపెల్ రోడ్డు పక్క సందులో కిరాయి ఇంట్లో. నా భార్య సుశీల క్రిస్మస్‌కు చర్చి తప్పిన సంవత్సరం లేదు.

"గీ వయసుల నీళ్ల మీద పండుగేంది? గాడ గుడి ఉంటదా, పాస్టరుంటడా?" అంది.

"నువ్వు గూడ రా. వాళ్లు ఇద్దర్నీ పిలిచిన్రు," అన్నాను.

సుశీల లేచింది. పండుగకు చేసే గరిజెలకు పిండి కలపడం మొదలుపెట్టింది. వస్తుందని అర్థమైంది.

కాకినాడ చేరి చూస్తే గోరింక మా వర్క్‌షాపు కంటే చిన్నది. మధ్యలో వంగి దూరే గది, అందులో ఇటో బల్ల అటో బల్ల, ఒక గ్యాస్ స్టవ్. వెనక కూర్చుని చుక్కాని పట్టుకునే చోటు. సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం మా ఇద్దరికీ అదే మొదలు. వసుంధర గారు ఎక్కే ముందు పడవ అంచు మీద చేయి వేసి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత కొత్త కాలు ముందు పెట్టి ఎక్కారు. జారలేదు. రమణమూర్తి గారు నా వైపు చూశారు. నేనూ కొంచెం గర్వంగానే చూశాను.

క్రిస్మస్ ముందురోజు ఉదయం తీరానికి దగ్గరలోనే తెరచాప ఎత్తాం. అందరికీ లైఫ్ జాకెట్లు. గాలి పట్టగానే పడవ ఒక పక్కకు వాలింది. సుశీల నా చేయి గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. వసుంధర గారు పాదం ఎదుటి బల్లకు తన్నిపెట్టి చుక్కాని నడుపుతున్నారు. హైదరాబాదులో నేను చూసిన మనిషి కారు. క్లాసులో చెప్పినట్టు గాలి ఎటు నుంచి వస్తోందో, తెరచాపను ఎందుకు వదులు చేస్తున్నారో సుశీలకు చెబుతూ కళ్లు తెరిపించారు.

మధ్యాహ్నం దాటాక గాలి పెరిగింది. ముందున్న చిన్న తెరచాపను దించేద్దామంటే తాడు ముందువైపు చిక్కుపడి అది కిందికి రావడం లేదు. పడవ ఇంకా వాలుతోంది. ఎవరో ఒకరు అణియానికి, అంటే పడవ ముందు కొసకు వెళ్లాలి. నాకు, సుశీలకు ఆ పని తెలియదు. రమణమూర్తి గారు ముఖం పాలిపోయి ఒక మూల ఒరిగి ఉన్నారు.

"ఏవండీ, చుక్కాని పట్టుకోండి. ఆ దూరంగా కనిపించే చెట్ల వరసకేసి తిన్నగా ఉంచండి చాలు," అన్నారు వసుంధర గారు.

"నువ్వు వెళ్లొద్దు వసూ."

"ఇంకెవరు వెళ్తారు? పట్టుకోండి."

ఆయన లేచి పట్టుకున్నారు. ఆమె నడుముకు తాడు కట్టుకుని రెండో కొసను పడవకు తగిలించారు. నిలబడి వెళ్తారనే అనుకున్నాను, నా పలక మీద నడిచినట్టు. వాలిన పడవ మీద ఎవరూ నిలబడి నడవరని అప్పుడు తెలిసింది. మోకాళ్ల మీద పాకాలి. ఆమె మోకాలు మడవబోయి ఆగిపోయారు. సాకెట్ వెనక అంచు మోకాలి మడతలో పొడుచుకుంటోంది. మళ్లీ ప్రయత్నించి పళ్లు బిగబట్టారు. మూడోసారి ప్రయత్నించలేదు. అక్కడే కూర్చుని కాలు లాగి తీసేసి నా ఒళ్లో పెట్టారు.

"ఇది పట్టుకోండి సార్, నీళ్లలో పడుతుంది."

ఒక మోకాలు, ఒక పాదం, రెండు చేతులతో ఆమె ముందుకు పాకుతుంటే నేను చేసిన కాలిని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. సుశీల గొంతెత్తి ప్రార్థన చేస్తోంది. ఒక అల వచ్చి వసుంధర గారిని పూర్తిగా తడిపింది. రమణమూర్తి గారు చెట్ల వరస మీంచి చూపు తిప్పలేదు. ఆమె చిక్కు విప్పారు. తెరచాప గుడ్డ కిందికి జారింది. పడవ నిటారుగా లేచింది. ఆమె తిరిగి వచ్చి కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకోవడానికి పొడి గుడ్డ ఏమైనా ఉందా అని అడిగారు. సుశీల తన కొంగు ఇచ్చింది.

"భయం కాలేదా అమ్మా?" అని అడిగింది.

"అయ్యింది. మీరు గట్టిగా ప్రార్థన చేస్తుంటే ఇంకా ఎక్కువైంది," అన్నారు వసుంధర గారు. సుశీల పకపకా నవ్వింది. రమణమూర్తి గారు కూడా నవ్వారు. ఆయన నవ్వి నెలలైందని తర్వాత వసుంధర గారు చెప్పారు.

సాయంత్రం లంగరు వేశాక చర్మం పరీక్షించాను. మోకాలి వెనక ఎర్రని గీత పడింది, చిట్లలేదు. ఎరుపు కనిపిస్తే అది పోయేదాకా కాలు తొడగకూడదని మా నియమం. చెప్పాను. ఆమె వాదించలేదు. క్రిస్మస్ ఉదయం నలుగురం పడవ వెనక కూర్చున్నాం. సుశీల బైబిలు చదివింది, ఒక పాట పాడింది. వసుంధర గారికి పాట తెలియకపోయినా వంత పాడారు. తర్వాత గరిజెలు, స్టవ్ మీద ఉప్మా. రమణమూర్తి గారు రెండోసారి వడ్డించుకున్నారు.

అవి తిన్నాక నేను పనిలో పడ్డాను. వెంట తెచ్చిన ఆకురాయితో సాకెట్ వెనక అంచును కొద్దికొద్దిగా దించాను. అంచు దించితే మోకాలు బాగా మడవొచ్చు, అయితే కాలు పట్టు కొంత తగ్గుతుంది. దానికి బదులు పైన రబ్బరు తొడుగు బిగించాం. మర్నాటికి ఎరుపు పోయింది. తొడుక్కుని ఆమె మోకాళ్ల మీద కూర్చున్నారు, ముందు కొసదాకా పాకి వెనక్కి వచ్చారు. కాలు తీయలేదు. మిగిలిన రోజులన్నీ గాలి మెత్తగానే ఉంది. సుశీల చుక్కాని పట్టడం నేర్చుకుంది, నేను నేర్చుకోలేకపోయాను.

తిరుగు ప్రయాణానికి రైలెక్కే ముందు, పర్లేదని చెప్పడానికి రమణమూర్తి గారిని పక్కకు పిలిచాను. ఆయన నా మాట పూర్తికానివ్వలేదు.

"కొంటానన్నాయనకు పొద్దున్నే ఫోన్ చేసి లేదని చెప్పేశానండీ. ఆ రోజు తను కాలు తీసి మీ చేతికిచ్చిందే, కాలున్నా లేకున్నా తను పడవ నడపగలదని అప్పుడే తేలిపోయింది," అన్నారు.

వాళ్లు ఇప్పటికీ ప్రతి డిసెంబరూ వెళ్తున్నారు. ఒక ఏడాది సుశీల కూడా వాళ్లతో వెళ్లింది, నన్ను వదిలేసి.

మా చదువులో కాలంటే నిలబడటానికి, నడవటానికి. పరీక్షలన్నీ వాటికే. ఆ సెలవుల తర్వాత, రిటైరయ్యేదాకా, కొలత తీసే ముందు ఒక ప్రశ్న అదనంగా అడిగాను: ఏ పని దగ్గర ఈ కాలు తీసి పక్కన పెట్టాలనిపిస్తుంది? మోజంజాహి మార్కెట్‌లో పూలు కట్టే ఆవిడ, "నేల మీద కూర్చునేటప్పుడు" అంది. ఆమెకు వెనక అంచు దించాను. నాంపల్లి కోర్టు గుమాస్తా ఒకాయన రోజంతా కుర్చీలోనే ఉంటానన్నాడు. ఆయనకు దించలేదు, పట్టు ముఖ్యమని అలాగే ఉంచాను. అంతకు ముందైతే ఇద్దరికీ ఒకే అంచు పెట్టి ఉండేవాణ్ణి.