కళ్ళు మూసుకుంటే కనిపించిన ఇల్లు

సహోదరులారా, మీరంతా నన్ను ప్రార్థనాపరుడని పిలుస్తారు కదా, ఆ పేరు నాది కాదని చెప్పడానికే సిగ్గుతో తల వంచుకుని మీ ముందు నిలబడ్డాను.

యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న రోజుల్లో మా ల్యాబ్‌కు ఒక యంత్రం వచ్చింది, హెల్మెట్‌లా తలకు తగిలించుకుంటే కంప్యూటర్ గీసిన ఇల్లు కళ్ళ ముందు నిలుస్తుంది, తల ఎటు తిప్పితే అటు గదులు, చెయ్యి చాపితే తలుపు తెరుచుకుంటుంది! అందులో ఉన్నంతసేపు ఆకలి లేదు, అలసట లేదు, నాకు పెళ్ళయిందన్న సంగతే గుర్తుండేది కాదు. తార్నాకలో గృహప్రార్థనకు వచ్చి మోకరించి కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఆ ఇల్లే, ఆ గదులే! అందరూ ఆమెన్ అని లేచినా నేను లేచేవాణ్ణి కాదు. "ఈ వయసులో ఇంత లోతైన ప్రార్థనా!" అని మన రత్నమ్మ ఆంటీ కన్నీళ్ళు పెట్టుకున్నారు. కాదనడానికి నాకు నోరు రాలేదు, ఆ పొగడ్త తియ్యగా ఉంది మరి.

నా భార్య గ్రేస్‌కు నెలలు నిండాయి. నొప్పులు మొదలై కబురు పంపిన మధ్యాహ్నం నేను ఆ లేని ఇంట్లో మెట్లెక్కుతున్నాను. చివరికి ల్యాబ్ వాచ్‌మన్ భుజం పట్టి కుదిపాడు. "ఏంది సార్, ఎంత పిలిచినా పలుకుతలేరు! మేడంను దవాఖానకు తీస్కపోయిండ్రంట!"

సీతాఫల్‌మండి ఆసుపత్రికి పరుగెత్తాను. బిడ్డ అడ్డం తిరిగి గ్రేస్ చావు అంచుదాకా వెళ్ళి వచ్చిందట, నన్ను పిలుస్తూనే ఉందట. ఆంటీ ఎదురొచ్చి నా చేతులు కళ్ళకద్దుకున్నారు. "నువ్వు రాకపోయేసరికి ఎక్కడో మోకాళ్ళ మీద ఉంటావనుకున్నాను బాబూ, కదిలించవద్దని రెండోసారి మనిషిని పంపనివ్వలేదు. నీ ప్రార్థనే తల్లీబిడ్డల్ని కాపాడింది!"

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. "నేను ప్రార్థన చెయ్యలేదు ఆంటీ" అని లోపలికి వెళ్ళి గ్రేస్ మంచం పక్కన మోకరించాను. "ప్రభువా, నీ పేరున అబద్ధం బతికాను, నేనుండాల్సిన చోట నువ్వున్నావు, నన్ను తోసివేయకు" అని ఏడ్చాను. కళ్ళు మూస్తే ఆ ఇల్లే వస్తుందేమోనని భయమేసి, గ్రేస్ ముఖం చూస్తూ, ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థించాను. ఆమె నా వైపు చూడలేదు, కాని చెయ్యి లాక్కోలేదు.

ఆ పరిశోధన మానుకున్నాను. ఆ ఇల్లు నెలల తరబడి వెంటాడింది, మెల్లగా ప్రభువే తుడిచేశాడు, దేవునికే మహిమ! ఆంటీ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, అందుకే నేనే చెప్పుకోవాలి. నాలా తమది కాని పేరు మోస్తున్నవారు ఎవరైనా ఉంటే ఆయన దగ్గరకు రండి, మూసిన కళ్ళ వెనుక ఏముందో చూసి కూడా ఆయన నన్ను వదల్లేదు.

ఇప్పుడు ప్రార్థిద్దాం. మీరు కళ్ళు మూసుకోండి, నేను మాత్రం అక్కడ పాపను ఎత్తుకుని కూర్చున్న గ్రేస్‌ను చూస్తూ ప్రార్థిస్తాను.