గాలి పారుతున్నప్పుడు

ఆ షెడ్డులో ప్లాస్మా మిషన్‌తో ఇనుపరేకులు కోసేది వదిన. యజమాని ఆమెకు మరిది కావడంతో అందరికీ ఆ పిలుపే అలవాటైంది. ఆమె చొక్కా ఎడమ చేతి నిండా నిప్పురవ్వల చిల్లులు. కోసిన ప్రతి అంచునూ చేతి తొడుగు తీసి బొటనవేలితో తడిమి చూసుకుంటుంది. మిషన్‌కు గాలి పంపే కంప్రెసర్‌ను వెనక గదిలోకి మార్చి, అక్కణ్ణుంచి పైకప్పు వెంట పొడవాటి సన్న పైపు లాగినప్పటి నుంచీ ఆ వేలికి గరుకే తగులుతోంది.

"నీ చెయ్యి పట్టు తప్పుతోంది వదినా. రేపటి నుంచి కోసే టార్చి మా బామ్మర్దికిచ్చేసి, నువ్వు అంచులు అరగదియ్యి," అన్నాడు మరిది.

"చెయ్యి కాదు, గాలి చాలట్లేదు."

"ఆడలేక మద్దెల ఓడందట! కంప్రెసర్ మీది గేజీలో ముల్లు నిండుగా ఉందిగా?"

"ఆగున్న గాలికి ముల్లు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. పారేటప్పుడు చూడు."

ఆమె గేజీని ఊడదీసి పైపు ఈ చివర, మిషన్ పక్కనే బిగించింది. ముల్లు నిండుగానే నిలబడింది. మంట వెలిగించకుండా ఉత్త గాలి వదిలేసరికి సగానికి జారిపోయింది. మరిది మెడ గోక్కున్నాడు.

"సరేలే, ఈ ఒక్కరోజుకీ ఇలాగే కోసెయ్. లారీ వచ్చేస్తోంది."

వదిన టార్చిని కొక్కేనికి తగిలించి, స్టూలు మీద చేతులు కట్టుకు కూర్చుంది. "లావు పైపు వెయ్యి. గరుకు కోత కోసి నా చేతికి చెడ్డపేరు తెచ్చుకోను."

బయట లారీ హారన్ మోగింది. ఆమె స్టూలు జరుపుకుని గోడకు వీపు ఆనించింది. మళ్ళీ మోగింది. మరిది గొణుక్కుంటూ నిచ్చెన తెచ్చుకుని, సన్న పైపు ఊడబీకడానికి ఎక్కాడు.

"చూసుకో, పడతావ్," అంది వదిన, లేవకుండానే.