సమ్మెలో రాసిన సిఫారసు ఉత్తరం

మొన్న మా పక్కింటి పిల్ల ఫోను పట్టుకొచ్చి, అమెరికా యూనివర్సిటీకి సిఫారసు ఉత్తరం ఎట్ల రాస్తరు అమ్మమ్మా, నువ్వు లెక్చరర్‌వే గదా అని అడిగితే, కళ్లద్దాలు కనిపిస్తలేవని సాకు చెప్పి లోపలికి పోయిన. అద్దాలు ముక్కు మీదనే ఉన్నయి. నా లెక్కనే కొలువు చేసి రిటైరైన మీకు తప్ప ఈ సంగతి ఇంకెవరికి చెప్పుకోను?

తెలంగాణ కోసం సమ్మె కట్టి కాలేజీలకు తాళాలు వేసిన దినాలు మీకు యాదికుండే ఉంటయి. మహబూబాబాద్‌లో మేమంత పొద్దున్నే వచ్చి, రిజిస్టర్ ముట్టకుండ, గేటు ముందర షామియానా కింద కూసునేటోళ్లం. వంటావార్పు రోడ్డు మీదనే, తిండి అక్కడనే. మా కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి, నర్సింహులపేట దిక్కు తండా పిల్ల, ఇంట్లో లంబాడి మాట, బయట తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు, ఈ మూడింటితోటి కుస్తీ పట్టుకుంట, అమెరికాలో ఓ పెద్ద యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకున్నది. సీటొస్తే చదువు, తిండి అంత వాళ్లదే. అన్ని కాగితాలు కంప్యూటర్‌లో పోయినయి, ఒక్క టీచరు ఉత్తరం, నేను రాయాల్సింది, అది మాత్రం కాలేజీ ముద్రతో, మూసిన కవరులో, గడువులోపల అక్కడికి చేరాలె. ముద్రేమో తాళం వేసిన ఆఫీసులో, తాళంచెవేమో సమ్మె కమిటీ పెద్దగా ఉన్న మా అటెండర్ మొలతాడుకు!

తాళం తియ్యమంటే నన్ను సమ్మెద్రోహి అంటరేమోనని మూడు దినాలు నోరు మెదపలేదు. ఆ పిల్ల రోజూ వచ్చి షామియానా గుంజ పక్కన నిలబడేది, అది చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. నాలుగోనాడు గుండె దిటవు చేసుకొని అటెండర్‌కు చెప్పిన. ఆయన చెయ్యి కడుక్కొని సీదా మైకు దగ్గరికే పోయిండు. అయిపోయింది నా పరువు అనుకున్న.

“మన బిడ్డ అమెరికా చదువుకు ఒక ముద్ర గావాలె. అయిదు నిమిషాలు తాళం తీస్తున్న. వద్దనేటోళ్లు ఇప్పుడే చెప్పుండ్రి” అన్నడు.

“తియ్యరాదే, గిండ్ల అడుగుడేంది!” అన్నది వంట కాడ ఉన్న ఆయమ్మ. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ముద్ర నేనే కొట్టిన. ఆ పిల్ల వాళ్లన్న బండి మీద వరంగల్ పోయి కొరియర్ చేసొచ్చిండు. ఉత్తరం గడువుకే చేరింది. డిసెంబర్‌లో జవాబొచ్చింది, తీసుకోలేమని.

ఉత్తరంలో నేను రాసింది చెప్త వినుండ్రి. ఇరవై ఏండ్లు కాండక్ట్ సర్టిఫికెట్లు రాసిన చెయ్యి కదా, తనంతట అదే పోయింది: చాల అణకువ గల పిల్ల, క్లాసులో ఎన్నడూ గొంతు ఎత్తలేదు, పెద్దలకు ఎదురు చెప్పలేదు. ఆడపిల్లకు మన దగ్గర ఇంతకన్న పెద్ద మెప్పు ఏముండె? నిజానికి అంతకు వారం ముందే, మా శిబిరానికొచ్చిన ఓ నాయకుణ్ణి అదే పిల్ల మైకు తీసుకొని, రాష్ట్రమొస్తే మా తండా బడికి సారు వస్తడా, అది చెప్పుండ్రి ముందుగాల అని నిలేసింది. పక్కన పోలీసులు ఏదో రాసుకున్నరు. కేసయితే పాస్‌పోర్టు ఆగుతదని భయపడి ఆ ముచ్చటే దాచిన.

కొన్నేండ్లకు హైదరాబాద్‌లో ఒక శిక్షణలో విన్న, ఆ యూనివర్సిటీలు ప్రశ్న అడిగే పిల్లల కోసమే వెతుకుతయని. సీటు నా ఉత్తరంతోనే పోయిందో, ఇంకెందుకు పోయిందో దేవునికెరుక, నా మనసు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు.

ఇప్పుడు రాష్ట్రమొచ్చింది, సినిమాలల్ల నవ్వులాటయిన మన మాట దర్జాగ వినిపిస్తున్నది, ఆడపిల్లలు లెక్చరర్లతో వాదులాడుతున్నరు. వింటుంటే సంతోషమే, ఆ ఉత్తరం కూడ యాదికొస్తది. మా గొంతు మాగ్గావాలని రోడ్డు మీద అరిచిన నేనే, ఒక పిల్ల గొంతును ఇంగ్లీషులో నొక్కి ముద్ర కొట్టిన. ఆ పిల్ల ఇక్కడనే చదివి భూపాలపల్లిలో టీచరయింది. మీరు నాకోసం సమ్మెల తాళం తీయించిండ్రు మేడం అని ఏటేటా ఫోను చేస్తది. కవరు మూసి పంపిన కదా, లోపల ఏమున్నదో ఆమెకు తెల్వదు. ఈసారి చెప్పాలె అని ప్రతిసారి అనుకుంట. పాణం ఎట్లున్నది మేడం అంటది. మంచిగనే ఉన్న బిడ్డా అని పెట్టేస్త.