గొంతు పట్టేయడమంటే

2001 మార్చి. పిడుగురాళ్ల వైపు ఓ చిన్న ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కల్లాల్లో మిరపకాయలు ఆరే రోజులు. పొద్దున్నే ఓపీకి దగ్గుతూ, ముక్కు చీదుకుంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. అందరిదీ ఒకటే మాట, "గొంతు పట్టేసిందమ్మా." చీటీ మీద చోకింగ్ అని రాసేదాన్ని. మెతుకు అడ్డం పడినా, ఘాటుకి ఊపిరాడకపోయినా, దుఃఖంతో మాట పెగలకపోయినా ఇంగ్లీషులో ఆ ఒక్క మాటే చాలు. తెలుగులో దేని మాట దానికుంది గానీ, నేను విడదీసి అడిగేదాన్ని కాదు.

ఒకరోజు వెంకటేశ్వర్లు అనే రైతు, భార్య కోటేశ్వరమ్మను మోపెడ్ మీద తీసుకొచ్చాడు.

"రాత్రి కల్లంలో కాయల పక్కనే పడుకుందండీ. ఘాటుకి గొంతు పట్టేసింది. బిళ్లేదన్నా ఇవ్వండి," అన్నాడు.

రాయబోతూ ఆమె ముఖం చూశాను. దగ్గు లేదు, కళ్లల్లో నీళ్లు లేవు. రెప్పలు మాత్రం నిద్ర ముంచుకొచ్చినట్టు వాలిపోతున్నాయి.

"మండుతోందా అమ్మా?"

"మంట లేదు." మాట ముక్కులోంచి వచ్చింది.

"ఏదన్నా అడ్డం పడిందా?"

"లేదు. గుటక పడట్లా. నీళ్లు తాగితే పొలమారతంది."

"నిద్ర లేదండీ, అందుకే అట్టా ఉంది," అన్నాడు భర్త. "తెల్లారగట్ల కడుపులో నొప్పని లేచి కూర్చుంది."

కడుపులో నొప్పన్న మాట విని పక్క బల్ల దగ్గరున్న డాక్టరుగారు లేచి వచ్చారు. కళ్లు పెద్దవి చేసి చూడమంటే ఆమె రెప్పలెత్తలేకపోయింది. నాలుక పళ్లు దాటి రాలేదు.

"మంచం మీద పడుకుందా, కిందా?"

"కిందేనండీ, పట్టా మీద."

"కట్లపాము కరిచుంటుంది."

"పాము కరిస్తే తెలవదా అండీ? గాటే లేదు."

కట్లపాము కోరలు చాలా సన్నం. నిద్రలో కరిస్తే తెలియకపోవచ్చు, కొన్ని గంటలకు కడుపునొప్పి మొదలవుతుంది. విషం ముందు రెప్పల్ని, తర్వాత గొంతుని, ఆఖరికి ఊపిరిని పడగొడుతుంది. వెంటనే ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు, ఎక్కించాం. అయినా ఊపిరి తగ్గిపోతోంది. డాక్టరుగారు గొంతులోకి ట్యూబు వేశారు. దానికి ఆంబూ బ్యాగు తగిలించి, ఆ రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ జీపులో గుంటూరు బయల్దేరాను.

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని వెంకటేశ్వర్లు ఏడుస్తున్నాడు. "ఇంకేముంది బావా, కట్టెలా పడుంది. ఇంటికి తీసుకుపోదాం," అన్నాడు కబురంది వచ్చి మాతో జీపెక్కిన ఆమె అన్న. నాకు నాడి అందుతూనే ఉంది. నొక్కుతూనే ఉన్నాను.

గుంటూరులో కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉండి బతికింది. కోలుకున్నాక మా ఆసుపత్రికొచ్చింది.

"కళ్లు తెరవలేకపోయానే గానీ జీపులో అన్నీ వినపడ్డాయి సిస్టరమ్మా. ఇంటికి తీసుకుపోదామని మా అన్న అన్నాడే, వద్దందామంటే వేలు కూడా కదల్లా. మీ చెయ్యి ఆగుద్దేమోనని ఒకటే భయం."

అప్పటినుంచి ఎవరేం చెప్పినా, "అంటే ఎట్టా ఉందమ్మా?" అని అడిగాకే చీటీ రాస్తున్నాను. నోరు పెగలనివాళ్లను బండిలో తీసుకెళ్లేటప్పుడు మాత్రం వాళ్లతోనే మాట్లాడతాను. పేరు పెట్టి పిలిచి, ఎక్కడిదాకా వచ్చామో చెబుతాను.